చిట్టి చచ్చింది, నేను పదో తరగతి రాశాను

పోయిన నెల కొత్తకోటలో బస్సు దిగి చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాను. బండి ఆమె గ్లాసు చేతికిస్తూ నా మొహం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు చచ్చిపోయినవ్ గద బిడ్డా?" అంది. అవునన్నాను. "మా అత్త నీకోసం రెండు దినాలు అన్నం ముట్టలే" అంది. మీ అత్తను అడిగినట్టు చెప్పమన్నాను. "ఆమె గూడ పోయింది" అంది. పోయిన ఇద్దరి గౌరవార్థం కాబోలు, గ్లాసులో ఇంకో నిమ్మచెక్క పిండింది.

బతికుండగా తన చావు గురించి నలుగురితో మాట్లాడుకునే అవకాశం అందరికీ రాదు. నాకు కొత్తకోటలో దిగిన ప్రతిసారీ వస్తుంది. నేను పోయింది ఒక టీవీ సీరియల్లో. దాని పేరు చెప్పను. అది ఇంకా నడుస్తోంది, నా వల్ల దానికి మరో ప్రేక్షకుడు దొరకడం నాకిష్టం లేదు. అందులో నేను హీరోయిన్ చెల్లెలు చిట్టిని. తొమ్మిదో తరగతి సగంలో పుట్టి, పదో తరగతి పరీక్షల ముందు పోయాను. ఆ ఏడాదిన్నర సంగతి ఎత్తితే చాలు, "పాపం, చిన్నప్పుడే ఎంత కష్టపడ్డావో" అంటారు జనం. కష్టం నాకు అంతగా గుర్తులేదు. రొట్టెల వాసన, బస్సు వాసన మాత్రం బాగా గుర్తున్నాయి.

నేను టీవీలోకి వెళ్ళింది అందం వల్ల కాదు, లెక్కల వల్ల. మా నాయిన బస్సు కండక్టరు, కొత్తకోట నుంచి హైదరాబాదుకు తొలి బస్సు ఆయనది. ఒక సెలవు రోజు ఆయనతో పాటు పట్నం చూడ్డానికి బయలుదేరి, ఇంట్లో చూపించే ధైర్యం లేని లెక్కల పరీక్ష కాగితాన్ని బస్సులో సంతకానికి ఇచ్చాను. ఇరవై ఐదుకు నాలుగు. ప్రయాణికుల ముందు తిట్టడని నా అంచనా. ఆయన నిజంగానే తిట్టలేదు, కాగితం వంక చూసి, నా వంక చూసి, టికెట్లు కొట్టడానికి వెళ్ళిపోయాడు. దాంతో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. జడ్చర్ల దగ్గర కారు చెడిపోయి మా బస్సెక్కిన ఒకాయన ఎదురు సీట్లో కూర్చుని, శంషాబాదు దాకా నన్నే చూశాడు. దిగేముందు నాయిన దగ్గరికి వచ్చి, "మీ అమ్మాయి ఏడుస్తుంటే మొహం పాడవ్వట్లేదండీ" అన్నాడు. అదేదో ఫిర్యాదు అనుకున్నాడు నాయిన. "ఇంగ ఏడ్వది సార్, నేను చెప్త" అన్నాడు. ఆయన సీరియల్ డైరెక్టరు. ఏడవకూడదని కాదు, నెలకు పది పన్నెండు రోజులు వచ్చి ఏడవమని అడుగుతున్నాడని అర్థం కావడానికి నాయినకు ఇంకో రెండు స్టాపులు పట్టింది.

షూటింగు ఉన్న రోజుల్లో మా ఇల్లు చీకటితోనే లేచేది. అంటే అవ్వ లేచేది, ఆమె చప్పుడుకు మిగతా వాళ్ళం లేచేవాళ్ళం. అవ్వ నాయిన తల్లి. ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడు మా వాడకంతా అలారం. పెనం మీద రొట్టె కాలే వాసనా, రోట్లో అప్పుడే దంచిన పల్లికారంలోంచి ఎల్లిపాయ వాసనా కలిసి వచ్చి, దుప్పటి లాగినంత పని చేసేవి. అమ్మ అప్పటికే కుట్టుమిషను ముందు కూర్చుని నా ఓణీ అంచు సరిచేస్తుండేది. బట్టలు వాళ్ళే ఇస్తారని ఎన్నిసార్లు చెప్పినా, "ఆళ్ళు కుట్టేటియి గూడ కుట్లేనా?" అనేది. రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని నాయిన వెంట బయలుదేరేదాన్ని. కండక్టరు పక్క సీటు నాది. హోంవర్కు అక్కడే. నా సైన్సు నోటుపుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. అందులో అక్షరాలు చూసి, రోడ్డు ఎక్కడ బాగుందో, ఎక్కడ తవ్వి వదిలేశారో చెప్పొచ్చు.

హైదరాబాదులో ఒక కిరాయి బంగ్లా. అక్కడ నాకు ఇంకో అమ్మ, ఇంకో నాన్న, ఎప్పుడు చూసినా మెట్ల మీంచి దిగుతూనే ఉండే ఒక అత్త. భోజనాల బల్ల నిండా గిన్నెలుండేవి. ఆ ఇంట్లో ఎవరూ ఒక్క ముద్ద తిన్నది నేను చూడలేదు. మొదటి ముద్ద ఎత్తగానే ఎవరికో ఒకరికి ఫోనొచ్చేది. నా పని ఆ ఫోను విని ఏడవడం. నా నోట్లోంచి మాట మాత్రం నాది కాదు, నా యాస పనికిరాదని ఇంకెవరితోనో చెప్పించారు. ఆ ఇంట్లో మా యాసలో మాట్లాడే హక్కు ఒక్క పనిమనిషికే ఉండేది. ఆ వేషం వేసినామెది రాజమండ్రి.

సాయంత్రం ఏడున్నరకు అవ్వ టీవీ ముందు చాప పరిచి, చాటలో పల్లికాయలు పోసుకుని కూర్చునేది. వాడలోని ఆడవాళ్ళు సగం మంది అక్కడే. మెట్ల అత్త పాలల్లో ఏదో కలిపితే, అవ్వ చేతిలో కాయ వదిలేసి, "ఓసి పొల్లా, తాగకు, తాగకే!" అని తెర మీద నన్ను అరిచేది. తెర మీది నేను గటగటా తాగేసేదాన్ని. అవ్వ పక్కనే కూర్చున్న నా వైపు తిరిగి, "చెప్తే ఇనవు" అని నెత్తి మీద ఒకటి వేసేది.

బడిలో నాకు ఒకటే ప్రశ్న. "రేపు ఏమైతది?" పిల్లలే కాదు, సోషల్ సారు కూడా హాజరు తీసుకుంటూ గొంతు తగ్గించి అడిగేవాడు. అడగనివాడు ఒక్కడే, మా క్లాసు మహేశ్. బడి ఎదురుగా వాళ్ళ నాన్నకు జిరాక్సు షాపు. నేను రాని రోజుల పాఠాలన్నీ తన నోటుపుస్తకంలోంచి తీసి, వరుసగా పిన్ను కొట్టి నా బెంచీ మీద పెట్టేవాడు. ఒకసారి నేనే ఆగలేక అడిగాను.

"నిన్న చూసినవా నన్ను?"

"మా అమ్మ గా టైముకు ఇంకో చానల్ల సీరియల్ చూస్తది. రిమోట్ ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్తది."

"అంటే నా సంగతే తెల్వదా నీకు?"

"తెలుసు. నువ్వు ఫిజిక్సుల మూడు పాఠాలు ఎనకున్నవ్."

ప్రేమ ఇలా మొదలవుతుందని మా సీరియల్లో ఎవరూ చెప్పలేదు. అక్కడ దుపట్టా ఎగరాలి, గాలి మిషను పెట్టాలి. ఇక్కడ మిషను ఒక్కటే, జిరాక్సుది. ఆ కాగితాలు వెచ్చగా చేతికొస్తే నాకు లోపల ఏదో అయ్యేది. ఆ మిషను పాతదనీ, అందరి కాగితాలూ అలాగే వెచ్చగా వస్తాయనీ తెలిసే అయ్యేది.

ఇంతలో పరీక్షలు దగ్గరికొచ్చాయి. అదే సమయానికి సీరియల్లో మా అక్క పెళ్ళి కుదిరింది. పదిహేను రోజులు విడవకుండా షూటింగు, ఇంటిల్లిపాదీ ఉండాలన్నారు. నా పరీక్షలూ సరిగ్గా ఆ పదిహేను రోజులే. నాయిన వెళ్ళి డైరెక్టరును బతిమాలాడు. పెళ్ళికూతురి చెల్లెలు లేకుండా పెళ్ళెలాగండీ, అమ్మాయి సప్లిమెంటరీ రాసుకోవచ్చు కదా అన్నాడాయన. చిట్టి పాత్ర ఉన్నన్నాళ్ళూ పిలిచినప్పుడల్లా వస్తానని కాగితం రాసిచ్చి ఉన్నాం. నాయిన ఇంటికొచ్చి కండక్టరు సంచి మేకుకు తగిలించి, గోడకానుకుని కూర్చున్నాడు. అమ్మ మిషను ఆపేసింది. మా ఇంట్లో మిషను ఆగిందంటే ఎవరికో జ్వరమైనా రావాలి, కరెంటైనా పోవాలి.

నాకు ఆ పరీక్షలు రాయాలని ప్రాణం కొట్టుకుంది. చదువు మీద ప్రేమ అంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. మా క్లాసు వాళ్ళు ఎనిమిది మంది ఒకే ఆటోలో సెంటరుకు వెళ్ళాలని మాట్లాడుకున్నారు. అందులో నేను ఉండాలి. అందరూ చేసే పని ఒక్కటైనా అందరితో పాటు చెయ్యాలి. సప్లిమెంటరీకి ఆటో ఉండదు, ఉన్నా అందులో మహేశ్ ఉండడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం డాబా మీద అవ్వా నేనూ ఎండు మిరపకాయలు తిరగేస్తున్నాం. ఒక కాకి ఎక్కణ్ణుంచో వచ్చి నా నెత్తి మీద రెండు కాళ్ళతో తన్ని పోయింది. నేను నవ్వాను. అవ్వ చేతిలోని మిరపకాయలు జారిపోయాయి.

మా వైపు కాకి తంతే మనిషికి గండం. దానికి విరుగుడు ఒకటే. ఆ మనిషి పోయినట్టు దూరపు చుట్టాలకు కబురు చెయ్యాలి. వాళ్ళు నమ్మి, నిజంగా ఏడవాలి. ఆ కన్నీళ్ళతో గండం తీరిపోతుంది. తర్వాత అబద్ధమని చెప్తే వాళ్ళు నాలుగు తిట్టి నవ్వుతారు. తరతరాలుగా సాగుతున్న పద్ధతి.

"అమ్మా, గివన్ని ఇప్పుడెవలు చేస్తున్నరే?" అన్నాడు నాయిన.

"నీ తమ్మున్ని కాకి తన్నిననాడు మీ నాయిన గూడ గిట్లనే అన్నడు" అంది అవ్వ.

నాయినకు ఒక తమ్ముడు ఉండేవాడని, పద్నాలుగేళ్ళకు జ్వరం వచ్చి పోయాడని తెలుసు. కాకి సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ జోకు వెయ్యలేదు. నేను కూడా, దాదాపు ఐదు నిమిషాలు.

నాయిన ఫోను తీసి మొదట అమ్రాబాదులో ఉన్న మేనత్తకు కలిపి, స్పీకరు పెట్టాడు. "అక్కా, మన అనిత లేదే. పోయింది" అన్నాడు. రాబోయే స్టాపు పేరు చెప్పినట్టుంది ఆ గొంతు.

"ఎవలు, అనితనా? ఏం మాటలురా అవి, ఇప్పుడే చూస్తున్న గద! పసుపుపచ్చ ఓణీ ఏసుకొని ఎక్కెక్కి ఏడుస్తాంది."

ఆదివారం మధ్యాహ్నం వారం భాగాలన్నీ మళ్ళీ వేస్తారన్న సంగతి మేం మరిచిపోయాం. తర్వాత పానగల్లో ఉన్న మా మేనమామకు చేశాడు. "బావా, పొద్దుగాల్నే గ్రూపుల గుడ్ మార్నింగ్ పెట్టింది గద? జర అనితకియ్యి ఫోను" అన్నాడాయన. నేను తీసుకుని బాగున్నావా మామా అన్నాను. ఏం చెయ్యను, అడిగితే ఇవ్వకుండా ఎలా?

ఆ రోజు ఏడుగురికి చేశారు. ఒక్క చుక్క రాలలేదు. అవ్వ గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "గీ పొల్ల టీవీల బతికున్నన్ని దినాలు ఎవ్వలు ఏడ్వరు. టీవీలనే సావాలె" అంది.

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిట్టి పోతే కాగితం చెల్లదు. కాగితం చెల్లకపోతే పరీక్షలు. అవ్వకు ఆ లెక్క తెలియదు, ఆమెకు నా గండం ఒక్కటే కనపడుతోంది. మేం చెప్పలేదు.

మర్నాడు అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని, వేయించిన పల్లీల సంచి చంకన పెట్టుకుని మాతో బస్సెక్కింది. బంగ్లాలోకి వెళ్ళగానే కుర్చీలో కూర్చున్న డైరెక్టరు ముందు నిలబడి చేతులు జోడించింది.

"సారూ, గీ పిల్లను జర సంపుండ్రి."

లైట్లు సర్దేవాళ్ళు ఆగిపోయారు. మెట్ల అత్త మొదటిసారి మెట్లు వెనక్కి ఎక్కింది.

"ఎవర్నమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"నా మన్మరాలిని. జల్ది సంపితె మంచిది. ఈ వారంల."

నాయిన కల్పించుకుని కాకి సంగతి వివరించాడు. దాంతో ఆయనకు మొదట అర్థమైంది కూడా పోయింది. కాసేపటికి తేరుకుని, "అవ్వా, చిట్టి అంటే ఆడవాళ్ళకు ప్రాణం. చంపితే ఊళ్ళకు ఊళ్ళు ఏడుస్తాయి, తెలుసా?" అన్నాడు.

"గదే గద నాక్కావల్సింది! మన దిక్కేనా, ఆంధ్రల గూడ ఏడుస్తరా?"

"రెండు రాష్ట్రాల్లోనూ వస్తుందవ్వా."

అవ్వ పల్లీల సంచి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని గోడ వంక చూస్తూ నమిలాడు. పదిహేను రోజుల పెళ్ళి చప్పగా ఉంటుందన్న దిగులు ఆయనకు ముందే ఉందట. పెళ్ళికి ముందు పెళ్ళికూతురి చెల్లెలు పోతే? రెండో గుప్పెటకు నా చావు ఖాయమైంది.

ఏ జబ్బుతో పోయానో నాకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు వచ్చి కళ్ళజోడు తీశాడు, అంతే. గొడవంతా దండ దగ్గర వచ్చింది. బతికున్న పిల్ల ఫొటోకు దండ వేస్తే ఊరుకోనని అమ్మ, వెయ్యకపోతే జనం నమ్మరని అవ్వ. ఒక పూటంతా వాదించుకుని, ప్లాస్టిక్ పూలైతే లెక్కలోకి రావని ఒప్పందానికొచ్చారు. ఇది ఎక్కడ రాసుందో తెలియదు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒప్పుకున్న మాట అంతకుముందు ఒక్కటి కూడా లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

నన్ను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. కెమెరా తిరిగింది. హీరోయిన్ ఇంకా నోరు తెరవలేదు, లైట్ల వెనక నుంచి ఒక శోకం లేచింది.

"ఓ నా బిడ్డో! ఎల్లిపాయ కారమేసి రొట్టె పెడితె చప్పరిచ్చుకుంట తింటివి గద బిడ్డో! లెక్కల పరీచ్చల నాలుగే వచ్చినయని బస్సెల్ల ఏడిస్తివి గద బిడ్డో!"

అన్నీ తెలిసిన అవ్వ. చంపమని తానే వచ్చి అడిగిన అవ్వ. మా ఊళ్ళో చావింట్లో ఆడవాళ్ళు ఎలా గుణాలు చెప్పి ఏడుస్తారో అలాగే ఏడుస్తోంది. కళ్ళు మూసుకున్న నాకు నవ్వు తన్నుకొస్తోంది, పళ్ళు బిగపట్టాను. ఇంతలో శోకం ఎక్కడో మలుపు తిరిగింది.

"జొరమొచ్చి కాళ్ళు సల్లబడ్తుంటె ఎవ్వలకు కబురు జెయ్యకపోతి గద కొడుకో! ఎవ్వలతోని ఏడిపియ్యకపోతి గద కొడుకో!"

లైట్ల పక్కన నాయిన ఉన్నాడు. ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. శవం ఏడవకూడదన్నది ఆ వృత్తిలో మొదటి నియమం. నా కంటి కొసలోంచి ఒక చుక్క చెవిలోకి జారింది.

"కట్! శవం ఏడుస్తోంది!" అని అరిచాడు డైరెక్టరు.

మళ్ళీ తీశారు. కానీ అవ్వ ఏడుపు మాత్రం వాళ్ళకు నచ్చి, ముందు రికార్డయిన ముక్కనే నన్ను మోసుకెళ్ళేటప్పుడు వెనక వినిపించారు. కొడుకో అన్నది తీసేసి, బిడ్డో అన్నది ఉంచారు. ఆ సీరియల్లో పాలమూరు మనిషి నోట పాలమూరు మాట వచ్చింది అదొక్కసారే.

మొదటి పరీక్షకు రెండు రోజుల ముందు సాయంత్రం నేను పోయాను. ఇంట్లో చాపలు చాలక గోనెసంచులు పరిచారు. నేను రొట్టె తింటుంటే నన్ను చూస్తూనే అందరూ ఏడ్చారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుని నా కంచంలో ఇంకొంచెం కారం వేసి, మళ్ళీ ఏడుపు అందుకుంది. అమ్రాబాదు నుంచి మేనత్త ఫోను చేసి, "నువ్వున్నవని తెలుసే బిడ్డా, అయినా ఏడుపు ఆగుతలేదు" అంది. అవ్వ ఆ ఫోను చెవికి ఆనించుకుని, పాట విన్నట్టు తృప్తిగా విన్నది.

అందరూ వెళ్తున్న వేళకు మహేశ్ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"మా అమ్మ ఇయ్యాల మీ సీరియలే పెట్టింది" అన్నాడు.

"చూసినవా?"

"చూసిన." గేటు గొళ్ళెం అటూ ఇటూ జరిపి, "ఏం జబ్బది?" అన్నాడు.

"తెల్వదు."

"గుండెదా?"

"తెల్వదన్న గద."

చేతిలోని కాగితాలు నా మీదికి తోశాడు. "ఎల్లుండి తెలుగు. వచ్చే ప్రశ్నలన్ని ఇందుల ఉన్నయి. సచ్చినోళ్ళకు మార్కులెయ్యరు, సదువుకో."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా నాలుక మీద ఒక మంచి జోకు సిద్ధంగా ఉంది. వెయ్యలేదు. నా జన్మలో నేను చేసిన అతి పెద్ద ప్రేమ ప్రకటన అదే. అది అతనికి తెలిసిందో లేదో నాకు తెలియదు.

తర్వాతేమైందని అడుగుతారు, అలవాటు పోదు. ఇంటరుకు వేరే వేరే ఊళ్ళలో చేరాం, రెండు నెలల్లో మాటలు తగ్గిపోయాయి. మధ్యలో ఏ మెట్ల అత్తా దిగి రాలేదు, దానంతటదే ఆగింది. పోయినేడు అతని పెళ్ళికి వెళ్ళి మూడు లడ్డూలు తిన్నాను. చిట్టికి కవల చెల్లెలు ఉన్నట్టు కథ మార్చి నన్ను రమ్మని ఛానల్ వాళ్ళు ఫోను చేస్తే అమ్మ ఎత్తి, "చచ్చిపోయింది సార్" అని పెట్టేసింది. నేనిప్పుడు ఒక బడిలో తెలుగు చెప్తున్నాను. లెక్కలు కాదు, పిల్లలు అదృష్టవంతులు. మధ్యాహ్నం అన్నాల వేళ మా అమ్మాయిలు ఫోను గోడకు ఆనించి రీల్సు తీసుకుంటారు. పూర్వం ఇలా ఉండేదా అని నేను నిట్టూర్చాలి నిజానికి. వాళ్ళను చూసి తిట్టడానికి చాప మీద అవ్వ లేదన్న మాట నిజమే, ఎవరి తెర వాళ్ళ అరచేతిలోనే ఉంది. కానీ వాళ్ళు వాళ్ళ గొంతుతో, "ఏందే, గట్ల చూస్తున్నవ్" అని మన యాసలోనే మాట్లాడుతున్నారు. వేరేవాళ్ళతో చెప్పించుకోవట్లేదు. ఆ ఒక్కదానికి నేను వాళ్ళకు హోంవర్కు తగ్గిస్తాను. అవ్వకు ఎనభై దాటాయి. నేను లేని సీరియల్ ఇప్పటికీ చూస్తుంది. కథ చెడిపోయిందంటుంది.

ఆ మొదటి పరీక్ష రోజు ఆటోలో ఎనిమిది మందిమి కాదు, పది మందిమి ఎక్కాం. నేను డ్రైవరు పక్కన సగం సీటులో, సగం గాల్లో. రేపు ఏమైతదని ఎవరూ అడగలేదు, చిట్టికి ఇక రేపు లేదు కదా. అందరూ సంధులూ సమాసాలూ అరుచుకుంటున్నారు, నేనూ అరిచాను. హాల్లో నా నంబరు వేసిన బెంచీ వెతుక్కుని కూర్చున్నాను. సారు జవాబు పత్రాలు పంచి, ఎక్కడా పేరు రాయకూడదని మూడుసార్లు చెప్పాడు. దిద్దేవాళ్ళకు ఎవరిదో తెలియకూడదట, పేరు కనిపిస్తే పేపరు పక్కన పెట్టేస్తారట. ఏడాదిన్నరలో నేను విన్న మాటలన్నిటిలోకీ మంచి మాట అది. నంబరు మాత్రం జాగ్రత్తగా వేసి, మొదటి ప్రశ్న చదివాను. రాలేదు. రెండోది చదివాను.